పక్క గదికి వినపడని కీబోర్డు

మెకానికల్ కీబోర్డుకి ఒకసారి చెయ్యి అలవాటు పడిందంటే మళ్లీ ల్యాప్‌టాప్ కీల మీద టైప్ చేయబుద్ధి కాదు. ప్రతి కీ కింద విడిగా ఒక స్విచ్, అందులో ఒక స్ప్రింగు. అక్షరం ఎప్పుడు పడిందో వేలికే తెలిసిపోతుంది. గంటల తరబడి టైప్ చేసేవాళ్లకి ఇంకేం కావాలి? ఒకటి కావాలి... నిశ్శబ్దం. అది మనకోసం కాదు, ఇంట్లో నిద్రపోయేవాళ్ల కోసం.

నేను సబ్‌టైటిల్స్ రాస్తాను. ఫైళ్లు సాయంత్రం వస్తాయి, తెల్లారేలోగా పంపాలి. అంటే నా అసలు పని రాత్రి పది నుంచి రెండు దాకా. మేముండేది కూకట్‌పల్లిలో సింగిల్ బెడ్‌రూమ్ పోర్షన్. హాల్లో నా టేబుల్, గోడకి అవతల నాన్న మంచం. నాన్న ఆర్టీసీ డ్రైవర్. ఫస్ట్ బస్సు డ్యూటీ ఉంటే మూడున్నరకే లేస్తాడు. ఆయన పడుకునే ఆరు గంటల్లో నాలుగు గంటలు నేను టైప్ చేస్తూనే ఉంటాను. నిద్ర చాలని మనిషి స్టీరింగ్ పట్టుకుంటే ఏమవుతుందో వేరే చెప్పాలా? అందుకే ఇది నాకు గ్యాడ్జెట్ సరదా కాదు. బస్సు నిండా ఉన్న జనం సంగతి కూడా.

ఫ్రెండ్ ఒకడు కెనడా వెళ్తూ తన గేమింగ్ కీబోర్డు నాకిచ్చాడు. అందులో ఉన్నవి బ్లూ స్విచ్‌లు. పగలు వాడితే హాయి. రాత్రికి పనికొచ్చేలా దాన్ని మార్చడానికి నెల పట్టింది. ఆ నెలలో తెలిసినవి ఇవి.

చప్పుడు ఒకటి కాదు, ఐదు

'కీబోర్డు సౌండ్' అని ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో ఐదు రకాలున్నాయి. ఒకటి, కొన్ని స్విచ్‌లలో కావాలనే పెట్టిన 'క్లిక్'. రెండు, కీ కిందికి వెళ్లి అడుగుకి తగిలే దెబ్బ. మూడు, వేలు తీశాక కీ పైకొచ్చి పై అంచుకి తగిలే దెబ్బ. నాలుగు, స్పేస్ బార్, ఎంటర్ లాంటి పొడుగు కీల కింద ఉండే తీగ గలగల. ఐదు, ఇవన్నీ కలిసి కీబోర్డు డొల్లలోనూ టేబుల్‌లోనూ మోగడం.

ఏ చిట్కా అయినా వీటిలో ఒకటో రెండో తగ్గిస్తుంది తప్ప అన్నీ కాదు. ఉదాహరణకి కీక్యాప్ లోపల వేసే రబ్బరు ఓ-రింగులు. చవగ్గా దొరుకుతాయి, కింది దెబ్బని మెత్తబరుస్తాయి. కానీ క్లిక్ అలాగే ఉంటుంది, పైకొచ్చేటప్పటి దెబ్బా అలాగే ఉంటుంది. 'రింగులు వేశాం, ఏం తేడా లేదు' అని చాలామంది అనేది అందుకే.

రంగుల వెనక కథ

స్విచ్‌లకి రంగు పేర్లు బాగా అలవాటు చేసింది జర్మనీ కంపెనీ చెర్రీ. బ్లూ అంటే క్లిక్ ఉన్నది. బ్రౌన్ అంటే క్లిక్ లేకుండా వేలికి చిన్న గతుకు తగిలేది. దీన్నే టాక్టైల్ అంటారు. రెడ్ అంటే గతుకు కూడా లేకుండా సాఫీగా దిగేది, అదే లీనియర్. షాపులో 'ఇంటికైతే బ్రౌన్ తీసుకోండి, సైలెంట్' అంటుంటారు. బ్లూతో పోలిస్తే నయమే. కానీ బ్రౌన్‌లో లేనిది క్లిక్ ఒక్కటే. కిందా పైనా తగిలే దెబ్బలు అలాగే ఉంటాయి. గట్టిగా కొట్టే అలవాటుంటే అర్ధరాత్రి బ్రౌన్ కూడా బాగానే వినపడుతుంది.

నిజంగా రాత్రికి పనికొచ్చేవి పేరులోనే 'సైలెంట్' అని ఉన్న స్విచ్‌లు. వాటిలో కదిలే ముక్కకి పైనా కిందా మెత్తని రబ్బరు లాంటి ప్యాడ్లుంటాయి. రెండు దెబ్బలనీ అవే మింగేస్తాయి. చెర్రీ మామూలు రెడ్ మొత్తం 4 మిల్లీమీటర్లు దిగితే, సైలెంట్ రెడ్ 3.7 మిల్లీమీటర్లే దిగుతుంది. చెర్రీ పాత పేటెంట్ల గడువు తీరాక గేటెరాన్, కైల్, ఔటెము లాంటి చైనా కంపెనీలు కూడా అదే ఆకారంలో స్విచ్‌లు తెచ్చాయి. వాటన్నిట్లోనూ సైలెంట్ రకాలున్నాయి. గతుకు తగలాలి, చప్పుడు ఉండకూడదు అనుకునేవాళ్లకి బోబా యూ4 పేరున్న స్విచ్.

ఒక మాట ముందే చెప్పాలి. సైలెంట్ స్విచ్ నొక్కితే అడుగున కాస్త మెత్తగా, చెప్పు కింద స్పాంజి ఉన్నట్టు ఉంటుంది. కొందరికి అది అస్సలు నచ్చదు. నాకు వారంలో అలవాటైంది. కుదిరితే రెండు మూడు రకాలు విడిగా ఒక్కొక్కటి తెప్పించుకుని, వేలితో నొక్కి చూసి, ఆ తర్వాతే సెట్ కొనండి.

మీ దాంట్లో స్విచ్ ఊడుతుందా?

కొత్త కీబోర్డు కొనేముందు, ఉన్నదాని స్పెసిఫికేషన్లలో 'హాట్ స్వాప్' అనే మాట ఉందేమో చూడండి. ఉంటే చిన్న పట్టకారు లాంటి పుల్లర్‌తో పాత స్విచ్ లాగేసి కొత్తది గుచ్చేయొచ్చు. లేకపోతే ప్రతి స్విచ్‌కీ రెండు కాళ్ల టంకం విప్పి మళ్లీ వేయాలి. నంబర్ ప్యాడ్ లేని 87 కీల బోర్డు అయినా అది పెద్ద పనే.

ఇక్కడ రెండు మెలికలున్నాయి. కొన్ని చవక బోర్డుల సాకెట్లు సన్నగా ఉంటాయి. వాటిలో సన్నటి పిన్నులున్న ఔటెము స్విచ్‌లే పడతాయి. నాకు దొరికిన బోర్డు ఆ రకమే, అందుకే ఔటెము సైలెంట్ లీనియర్లు వేశాను. రెండో మెలిక, కొన్ని స్విచ్‌లకి ఐదు కాళ్లుంటాయి. అందులో రెండు ఉత్త ప్లాస్టిక్. మీది మూడు కాళ్ల బోర్డు అయితే ఆ రెండింటినీ నెయిల్ కట్టర్‌తో కత్తిరిస్తే చాలు. మధ్యలో ఉన్న లావు కాలి జోలికి మాత్రం వెళ్లొద్దు.

గ్రీజు సంగతి నాన్న చెప్పాడు

స్విచ్‌లన్నీ మార్చాక అక్షరాలన్నీ గప్‌చిప్. స్పేస్ బార్ మాత్రం గలగల. మిగతావి తగ్గేసరికి అదే ఇంకా పెద్దగా వినపడింది. ఒక ఆదివారం నేను దాన్ని ఊడదీసి కూర్చుంటే నాన్న వచ్చి చూశాడు. కింద ఉన్న తీగని వేలితో కదిపి, "గిది గూడ మన బండి లెక్కనే ఉన్నది గదరా. ఇనుము ఆడే జాగల గ్రీజు లేకుంటే సప్పుడు రాదా?" అన్నాడు.

అచ్చంగా అదే మందు. ఆ తీగ అమరికని స్టెబిలైజర్ అంటారు. తీగ ప్లాస్టిక్‌లోకి దూరే చోట గ్రీజు పెడితే గలగల ఆగిపోతుంది. అయితే బండికి వాడే గ్రీజు వద్దు, అది కొన్ని ప్లాస్టిక్‌లకి పడదు. సిలికాన్ డైఎలక్ట్రిక్ గ్రీజు గానీ, కీబోర్డుల కోసం అమ్మే క్రైటాక్స్ 205 గానీ వాడాలి. అగ్గిపుల్ల మొనకి అంటినంత చాలు.

ఇన్‌స్క్రిప్ట్‌లో తెలుగు టైప్ చేసేవాళ్లు షిఫ్ట్ కీలని కూడా వదలొద్దు. ఖ, ఘ లాంటి ఒత్తు అక్షరాలకీ, అ, ఆ లాంటి అచ్చులకీ షిఫ్ట్ నొక్కాల్సిందే. ఇంగ్లిష్ కంటే మన భాషలోనే దానికి పని ఎక్కువ.

ఫ్యాన్ ఆగిన రాత్రులు

ఎండాకాలం వినపడని కీబోర్డు డిసెంబర్‌లో వినపడుతుంది. ఫ్యాన్ హోరు ఒకే తీరున సాగుతుంది కాబట్టి చెవి దాన్ని పట్టించుకోదు. పైగా చిన్న చప్పుళ్లు అందులో కలిసిపోతాయి. చలికి ఫ్యాన్ ఆపేశామా, ఆగి ఆగి వచ్చే ప్రతి టక్ విడిగా తగులుతుంది. పడకగదిలో ఉండుండి వచ్చే శబ్దం 45 డెసిబెల్స్ దాటకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకాల్లో చెప్పింది. ఎంత చప్పుడు వస్తోందన్నది ఒక్కటే కాదు, చుట్టూ ఎంత నిశ్శబ్దంగా ఉందన్నది కూడా లెక్కే.

గోడకి ఆనించిన టేబుల్ దెబ్బలని నేరుగా గోడకి అందిస్తుంది. నాలుగు వేళ్ల ఎడం ఇచ్చి జరపండి, పైసా ఖర్చు లేదు. కీబోర్డు కింద మందపాటి డెస్క్ మ్యాట్ వేయండి. లేదంటే నాలుగు మడతల పాత దుప్పటి అయినా పర్వాలేదు. రేకు టేబుల్ అయితే ఇది తప్పనిసరి.

పరీక్ష ఇలా పెట్టండి

షాపులో అన్ని కీబోర్డులూ నెమ్మదిగానే అనిపిస్తాయి, అక్కడి గోల అలాంటిది. రివ్యూ వీడియోల్లో మైకు కీల పక్కనే ఉంటుంది. మీకు కావాల్సిన చెవి గోడకి అవతల ఉంది. అందుకే ఫోన్ రికార్డర్ ఆన్ చేసి, పడుకునేవాళ్ల దిండు దగ్గర పెట్టి, తలుపేసి, ఒకే పేరా టైప్ చేయండి. ఒక్కో మార్పు చేశాక మళ్లీ అదే పేరా. తర్వాత ఇయర్‌ఫోన్స్‌తో వరసగా వినండి. ఫోన్ యాప్ చూపించే డెసిబెల్ అంకె కచ్చితంగా ఉండకపోవచ్చు గానీ, ముందుకీ తర్వాతకీ తేడా తెలిసిపోతుంది.

బడ్జెట్ లేదనుకుంటే ఆఫీసుల్లో వాడే మామూలు రబ్బరు డోమ్ కీబోర్డు చాలు. బ్లూ స్విచ్ కంటే అది ఎంతో నెమ్మది. రాత్రికి అదీ, పగటికి మెకానికలూ అయినా తప్పేం లేదు.

రికార్డింగ్ పెట్టమని ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. ఇంట్లోవాళ్లని అడిగితే నిజం చెప్పరు. బ్లూ స్విచ్‌లున్న రోజుల్లోనే నాన్నని అడిగాను, నిద్ర పడుతోందా అని. "నాకేం ఇనవడలే, నీ పని నువ్వు జేస్కో" అన్నాడు. స్విచ్‌లన్నీ మార్చాక అడిగినా అదే మాట. ఫోన్‌కి మాత్రం మనమంటే మొహమాటం లేదు. దాన్నే అడగండి.