ఆకులో లోహమెంత?

చిక్కడపల్లి ఇళ్ళలో తులసి, అశోక్‌నగర్ పెరళ్ళలో మునగ, నారాయణగూడ రోడ్ల పక్కన వేప మీరు చూసే ఉంటారు. ఈ ఆకులు మందుగా పనిచేస్తాయని పెద్దలంటారు. మరి వాటిలో ఇనుమెంత? సీసమేమైనా ఉందా? కంటికి కనిపించని లోహాన్ని ఎలా కొలుస్తారు?

వేళ్ళు పీల్చుకునే నీటితోపాటు నేలలోని లవణాలు కూడా ఆకులను చేరతాయి. వీటిలో కాల్షియం, పొటాషియం ఎక్కువ. ఇనుము, జింకు, రాగి అతి స్వల్పం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల మునగాకులో కాల్షియం సుమారు 314 మిల్లీగ్రాములు. ఇనుము నాలుగున్నర మిల్లీగ్రాములే.

కొలిచే పద్ధతి చూద్దాం. ఆకులను కడిగి, ఎండబెట్టి, పొడిచేసి, ఒక గ్రాము తూచి, కొలిమిలో సుమారు 500 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కాలుస్తారు. మిగిలిన బూడిదను ఆమ్లంలో కరిగించి, శుద్ధజలం కలిపి 100 మిల్లీలీటర్లు చేస్తారు. ఈ ద్రావణాన్ని మంటలోకి తుంపరగా పంపితే లోహాలు పరమాణువులుగా విడిపోతాయి.

ప్రతి లోహం తనకు ప్రత్యేకమైన కాంతినే పీల్చుకుంటుంది. సీసాన్ని కొలవాలంటే సీసపు దీపం నుంచి వచ్చే కాంతిని మంట గుండా పంపాలి. కాంతి ఎంత తగ్గితే సీసం అంత ఎక్కువన్నమాట. ముందే పాళ్ళు తెలిసిన ద్రావణాలతో పోల్చి లెక్క కడతారు. దీనినే పరమాణు శోషణ పద్ధతి అంటారు. ఆస్ట్రేలియాలో పనిచేసిన అలన్ వాల్ష్ 1955లో దీనిని వివరించాడు.

ఒక లెక్క చేద్దామా? ద్రావణంలో లీటరుకు 0.1 మిల్లీగ్రాము సీసం ఉందనుకోండి. 100 మిల్లీలీటర్లలో 0.01 మిల్లీగ్రాము. అంటే ఒక గ్రాము పొడిలో ఉన్నదంతే. కిలోకు 10 మిల్లీగ్రాములు! ఔషధ మొక్కల ముడిసరుకుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన గరిష్ఠ పరిమితి సరిగ్గా ఇదే. ఇనుము రక్తానికి అవసరం. సీసం వల్ల శరీరానికి ఏ ఉపయోగమూ లేదు, పిల్లల మెదడుకు హాని.

మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం 2000లో ఆగిపోయింది. కానీ నేలలో చేరిన సీసం కుళ్ళిపోదు, ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. దుమ్ముగా లేచి ఆకులపై పడుతుంది. అందుకే శాస్త్రజ్ఞులు కడిగిన ఆకునూ, కడగని ఆకునూ వేరువేరుగా పరీక్షిస్తారు. రెండింటి తేడాయే దుమ్ము తెచ్చిన లోహం. ఆకు లోపలికి చేరినది మాత్రం ఎంత కడిగినా పోదు.

కాబట్టి రద్దీ రోడ్డు పక్క ఆకులను మందుకోసం కోయకండి. పెరటి ఆకునైనా బాగా కడిగి వాడండి. మందుమొక్క అన్న పేరొక్కటే చాలదు. అది పెరిగిన నేల ఎలాంటిదో కూడా చూడాలి.