వంగే రెక్కల యంత్రం డెల్‌ఫ్లై

డెల్‌ఫ్లై రెక్కలాడిస్తూ ఎగిరే చిన్న యంత్రం. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో 2005లో విద్యార్థుల ప్రాజెక్టుగా పుట్టింది. మొదటి నమూనా బరువు 21 గ్రాములు, రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు 50 సెంటీమీటర్లు. ఒకదాని మీద ఒకటిగా రెండు జతల రెక్కలుంటాయి. ఒక్కో రెక్కలో ముందంచుకు కార్బన్ పుల్ల, దానికి అతికిన మైలార్ అనే పలుచని ప్లాస్టిక్ పొర, పొర మరీ వదులుగా కొట్టుకోకుండా ఏటవాలుగా అంటించిన సన్నని ఈనెలు ఉంటాయి. రెక్క వాలును మార్చడానికి వేరే మోటారంటూ లేదు. ఉన్న మోటారు ముందంచును అటూ ఇటూ ఆడిస్తుంది. మిగతా పనంతా పొర తనంతట తాను వంగి చేసిపెడుతుంది.

బిరుసైన అట్టను పైకీ కిందికీ ఒకే తీరుగా ఆడిస్తే, దిగేటప్పుడు పుట్టిన బలాన్ని లేచేటప్పుడు పుట్టిన బలం కొట్టేస్తుంది. మెత్తని రెక్క అలా కాదు. ముందంచు కదలగానే వెనకంచు కాస్త వెనకబడుతుంది, పొర ఏటవాలుగా నిలుస్తుంది. ఎటు ఊగినా గాలి వెనకంచు వైపే తోసుకుపోతుంది. తాటాకు విసనకర్ర ఏ వైపు ఊపినా మొహానికి గాలి తగలడం ఇలాంటిదే. గాలిలో ఒకచోట నిలిచినప్పుడు డెల్‌ఫ్లై దాదాపు నిటారుగా ఉంటుంది. గాలి కిందికి పోతుంది, యంత్రం పైన నిలుస్తుంది.

రెండు జతల రెక్కలతో లాభమేమిటో ఒక పురుగు చూపిస్తుంది. తెల్లదోమను పట్టి చంపే ఎన్కార్సియా అనే పరాన్నజీవి కందిరీగ మిల్లీమీటరు పొడవు కూడా ఉండదు. అది రెక్కలను వీపు మీద చప్పట్లు కొట్టినట్టు కలిపి, ఒక్కసారిగా విడదీస్తుందని డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు టోర్కెల్ వైస్-ఫో 1973లో చూపించాడు. విడిపోయే సందులోకి గాలి దూసుకొచ్చి, రెక్కల చుట్టూ బలమైన సుడి ఏర్పడి, పైకెత్తే బలం పెరుగుతుంది. అయితే రెండు బిరుసు పలకలను అలా విడదీయాలంటే చాలా బలం కావాలి. పలుచని పొరలైతే ముందంచు దగ్గర మొదలై వెనక్కి క్రమంగా ఊడివస్తాయి, నిరోధం తగ్గుతుంది. డెల్‌ఫ్లై రెక్కలు విడిపోయేది ఈ పద్ధతిలోనే. బలహీనతగా కనిపించే మెత్తదనమే ఇక్కడ అసలు బలం.

పురుగుల్లోనూ ఈ మెత్తదనం ఎలా పడితే అలా ఉండదు. శాస్త్రజ్ఞులు స్టేసీ కోంబ్స్, థామస్ డేనియల్ 2003లో అనేక జాతుల రెక్కలను కొలిచారు. మొదలు నుంచి కొస వరకు ఉన్న బిరుసు, ముందంచు నుంచి వెనకంచు వరకు ఉన్న బిరుసు కంటే పదుల రెట్లు, కొన్నిట్లో ఇంకా ఎక్కువ. వాళ్లే హాక్ మాత్ అనే చిమ్మట రెక్కను మోటారుకు బిగించి, మామూలు గాలిలోనూ, దానికంటే చాలా పలుచనైన హీలియం మిశ్రమంలోనూ ఆడించారు. వంపు రెండింటిలోనూ దాదాపు ఒకేలా వచ్చింది. అంటే ఆ రెక్కను ప్రధానంగా వంచేది గాలి ఒత్తిడి కాదు, రెక్క సొంత జడత్వం.

2013లో కోంబ్స్, ఆండ్రూ మౌంట్‌కాసిల్ చేసిన ప్రయోగం ఇంకా సూటిగా ఉంది. బంబుల్ తేనెటీగ రెక్కలో ఈనెలు కలిసే ఒక మెత్తని కీలు మీద అలంకరణకు వాడే మెరుపు తునకను అతికించి, అది వంగకుండా చేశారు. ఆ ఒక్క కట్టుతో తేనెటీగ పుట్టించగల గరిష్ఠ పైకెత్తే బలం 8.6 శాతం పడిపోయింది. రెక్కను గట్టిపరిస్తే బలం పెరుగుతుందనే ఊహకు ఇంతకంటే గట్టి జవాబు లేదు. అలాగని మరీ మెత్తనైనా లాభం లేదు: పొర సమయానికి తిరిగి రాక, ఊపుకూ వంపుకూ పొత్తు చెడుతుంది.

డెల్ఫ్ట్ బృందం ఈ పొత్తును సవరిస్తూ ముందుకు పోయింది. డెల్‌ఫ్లై-2 బరువు 16 గ్రాములు. అది గాలిలో ఒకచోట నిలుస్తుంది, వెనక్కి కూడా ఎగురుతుంది. 2008 నాటి డెల్‌ఫ్లై మైక్రో 3.07 గ్రాముల్లో కెమెరాను కూడా మోసింది. 2013లో వచ్చిన డెల్‌ఫ్లై ఎక్స్‌ప్లోరర్ రెండు కళ్ల కెమెరాతో తానే అడ్డంకులు తప్పించుకుంది. వీటన్నిటికీ తోక ఉండేది.

2018 సెప్టెంబరులో మాతేయ్ కారాసెక్ బృందం ‘సైన్స్’ పత్రికలో వెల్లడించిన డెల్‌ఫ్లై నింబుల్‌కు తోక లేదు. 29 గ్రాముల ఆ యంత్రం రెక్కలను సెకనుకు దాదాపు 17 సార్లు ఆడిస్తుంది. ముక్కు పక్కకు తిప్పుకోవాలంటే రెక్కల మొదళ్లను కొద్దిగా జరుపుతుంది. పొర బిగువు మారి, రెండు వైపులా బలం చెరో దిక్కుకు మొగ్గుతుంది. ఒకప్పుడు ఎగరడానికే ఉపయోగపడిన మెత్తదనం ఇక్కడ చుక్కాని పని కూడా చేస్తోంది. గాలిలో నిలిచి ఉంటే నింబుల్ బ్యాటరీ సుమారు 5 నిమిషాలు వస్తుంది. ముందుకు ఎగిరితే కిలోమీటరు దాటుతుంది.