సింగపూర్ కారుమబ్బులు: ఫొటో ఎప్పుడు, ఎక్కడి నుంచి?

సింగపూర్‌లో ఉద్యోగంలో చేరిన మనవాళ్ళు మొదటి నెల జీతంతో గొడుగు కొంటారు, ఆర్నెల్లు తిరక్కుండా కెమెరా కొంటారు. మెర్లయన్ బొమ్మనీ, మరీనా బే దీపాలనీ, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్నీ తీసేశాక ఇంక తీయడానికేముంది అన్నట్టు ఆ కెమెరా బీరువా ఎక్కుతుంది. కానీ ఈ ఊళ్ళో తలెత్తి చూస్తే చాలు, పైన రోజుకో కొత్త దృశ్యం. భూమధ్యరేఖకి 140 కిలోమీటర్లైనా దూరం లేని ఈ దీవిలో ఏడాదికి 160కి పైగా రోజులు ఉరుములు వినిపిస్తాయి.

అమెరికాలో ఓక్లహోమా, కాన్సస్ వైపు తుఫాను మబ్బుల్ని ఫొటో తీసేవాళ్ళు వాటి వెంట కార్లలో వందల మైళ్ళు పరిగెడతారు. మనకా అవస్థ లేదు. ఇక్కడ మబ్బే మన దగ్గరికి వస్తుంది. మనం తేల్చుకోవలసినవి రెండే: అది ఏ వేళకి వస్తుంది, ఆ వేళకి మనం ఎక్కడ ఉండాలి. మొదటిది మంచి ఫొటోకి సంబంధించిన ప్రశ్న. రెండోది ప్రాణానికి సంబంధించినది.

తెల్లవారుజామున పడమటి నుంచి

సింగపూర్ మబ్బుల్లో మొదటి తాంబూలం "సుమత్రా స్క్వాల్"కి ఇవ్వాలి. రాత్రిపూట సుమత్రా దీవి మీదో, మలక్కా జలసంధి మీదో ఉరుముల మబ్బులు పుట్టి, ఒక బారుగా కట్టి, తూర్పుకి జరుగుతూ సింగపూర్‌ని తాకుతాయి. ఎక్కువగా తెల్లవారుజాముకీ పొద్దుటికీ మధ్య వస్తాయి. ఏప్రిల్ నుంచి నవంబరు దాకా వీటి కాలం. గంటకి 40 నుంచి 80 కిలోమీటర్ల ఈదురుగాలి మామూలే. 2024 సెప్టెంబరు 17న సాయంత్రం వచ్చిన స్క్వాల్‌లో గాలి గంటకి 83.2 కిలోమీటర్లు తాకింది, దీవి అంతటా చెట్లు కూలాయి, కొమ్మలు విరిగాయి. ఇక్కడ నమోదైన అతి పెద్ద ఈదురుగాలి మాత్రం 1984 ఏప్రిల్ 25న తెంగాలో, గంటకి 144.4 కిలోమీటర్లు.

ఫొటోకి పనికొచ్చేది ఈ బారుకి ముందుండే భాగం. వానతో పాటు కిందికి దిగిన చల్లగాలి నేల మీద పరుచుకుంటూ ముందుకి దూసుకొస్తుంది. తనకన్నా ముందున్న వెచ్చటి, తేమ నిండిన గాలిని పైకి ఎగదోస్తుంది. ఆ తేమ చిక్కబడి, పెంకుటింటి చూరులా ముందుకి పొడుచుకొచ్చిన ఒక పొడవాటి మబ్బు తయారవుతుంది. దీన్నే షెల్ఫ్ క్లౌడ్ అంటారు. ఇది మన నెత్తి మీదుగా దాటడానికి కొద్ది నిమిషాలు చాలు. దాటాక మిగిలేది బూడిదరంగు ఆకాశం, గంటా రెండు గంటల వాన.

ఇక్కడ ఇంకో అదృష్టం ఉంది. సింగపూర్ గడియారం 1982 నుంచి గ్రీనిచ్ కన్నా 8 గంటలు ముందు నడుస్తోంది. రేఖాంశం ప్రకారం చూస్తే 7 గంటలే ఉండాలి. అందుకే సూర్యోదయం ఏడాది పొడుగునా ఉదయం ఏడు గంటల ప్రాంతంలో అవుతుంది. ఆఫీసుకి తయారయ్యే వేళకి స్క్వాల్ వచ్చిందంటే పడమట నల్లటి చూరు, తూర్పున అప్పుడే విచ్చుకుంటున్న వెలుగు. ఫొటోకి ఇంతకన్నా ఏం కావాలి?

మధ్యాహ్నం మబ్బు, సాయంత్రం రంగు

రెండో రకం మనందరికీ తెలిసినదే. ఏప్రిల్, మే నెలల్లోనూ, మళ్ళీ అక్టోబరు, నవంబరుల్లోనూ ఉదయం ఎండ మాడ్చేస్తుంది. సముద్రపు గాలులు లోపలికి వచ్చి ఒకదానికొకటి ఎదురుపడతాయి, మధ్యాహ్నానికల్లా క్యుములోనింబస్ మబ్బులు లేస్తాయి. భూమధ్యరేఖ ప్రాంతంలో వీటి తల 15 కిలోమీటర్ల ఎత్తు దాటగలదు. ఆ పైన ఎదగడానికి వీల్లేక కమ్మరి దాగలిలా పక్కలకి పరుచుకుంటుంది.

ఈ మబ్బు మీదికొచ్చినప్పుడు ఫొటోకి ఏమీ దొరకదు, అంతా చీకటే. దూరంగా ఉన్నప్పుడే దాని ఆకారం తెలుస్తుంది. సాయంత్రం ఆరున్నర, ఏడు మధ్య అందరూ పడమటికి తిరిగి సూర్యాస్తమయం తీస్తుంటే మీరు తూర్పుకి తిరగండి. జొహోర్ మీదో, సముద్రం మీదో నిలబడ్డ మబ్బు గోపురం మీద చివరి ఎండ పడి నారింజ, గులాబీ రంగుల్లో వెలుగుతుంటుంది.

రాడార్ చదవడం

మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం, అంచనా వెయ్యకుండా ఉండలేం. సింగపూర్ వాతావరణ శాఖ వెబ్‌సైటులో 50, 240, 480 కిలోమీటర్ల పరిధుల్లో వాన రాడార్ బొమ్మలు ఉచితంగా దొరుకుతాయి. దీవి తూర్పు పడమరలుగా 50 కిలోమీటర్లే కాబట్టి, చిన్న బొమ్మలో కనిపించేసరికి వాన దాదాపు గుమ్మంలో ఉన్నట్టే. స్క్వాల్ కోసమైతే ముందు 240 కిలోమీటర్ల బొమ్మ చూడండి. పడమటి వైపు విల్లులా వంగిన ఎర్రటి గీత కనిపిస్తే అదే. అరగంట తేడాతో రెండు బొమ్మలు పోల్చండి. ఆ అరగంటలో గీత 20 కిలోమీటర్లు జరిగి, ఇంకా 40 కిలోమీటర్ల దూరంలో ఉంటే మీకు గంట సమయం ఉన్నట్టు. ఇంకా పెద్ద చిత్రం కావాలంటే జపాన్ వారి హిమవారి ఉపగ్రహం పది నిమిషాలకోసారి పంపే బొమ్మలున్నాయి.

కెమెరా ఎలా పెట్టాలి?

- ఏసీ గదిలోంచి కెమెరాని ఒక్కసారిగా బయటికి తెస్తే లెన్సు మీద ఆవిరి కమ్ముతుంది. అరగంట ముందే గట్టిగా మూసిన ప్లాస్టిక్ సంచిలో పెట్టి బయట ఉంచండి. ఇంట్లో దాచేది మాత్రం డ్రై క్యాబినెట్‌లో. లేకపోతే ఈ తేమకి లెన్సులో బూజు పడుతుంది.
- ఆటో ఫోకస్ నున్నటి మబ్బు మీద పట్టు దొరక్క ముందుకీ వెనక్కీ తిరుగుతుంది. దూరపు భవనం అంచు మీద ఫోకస్ చేసి, మాన్యువల్‌లోకి మార్చెయ్యండి.
- మీటరు నల్లమబ్బుని చూసి, దాన్ని బూడిదరంగు చెయ్యాలని వెలుగు పెంచేస్తుంది. ఎక్స్‌పోజర్‌ని అర స్టాపు నుంచి ఒక స్టాపు దాకా తగ్గించండి. రా ఫార్మాట్‌లో తీస్తే నేల మీది చీకటిని తరవాత సరిచెయ్యవచ్చు. తెల్లగా కాలిపోయిన ఆకాశాన్ని మాత్రం తిరిగి తేలేం.
- వైట్ బ్యాలెన్స్ "డేలైట్"లో ఉంచండి. ఆటోలో పెడితే మబ్బులోని నీలం, ఆకుపచ్చ ఛాయలు పోతాయి.
- రాత్రి మెరుపులకి కెమెరాని స్టాండు మీద పెట్టి, ఐఎస్ఓ 100, అపర్చర్ ఎఫ్ 8, షట్టర్ 15 సెకన్లతో మొదలుపెట్టి వరసగా తీస్తూ పోండి. మెరుపు చూసి బటన్ నొక్కితే అప్పటికే ఆలస్యం.
- ఫోను ఉన్నా చాలు. తెరని నొక్కిపట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేసి, కాస్త కిందికి దించండి. మెరుపు కోసం 4కె వీడియో తీసి, అందులోంచి ఒక ఫ్రేము తీసుకోండి. 2017 ఫిబ్రవరి 20న సింగపూర్ మీద ఇంద్రధనుస్సు రంగుల మబ్బు కనిపించింది పావుగంటే. ఆ ఫొటోలు తీసినవాళ్ళలో చాలామంది చేతిలో ఉన్నది ఫోనే.

పిడుగుతో పరాచికాలు వద్దు

చిక్కంతా ఇక్కడే ఉంది. షెల్ఫ్ క్లౌడ్ అందంగా కనిపించే వేళా, పిడుగు పడే వేళా ఒకటే. వాన ఇంకా మొదలుకాలేదు కదా అని మనం ధైర్యంగా బయట నిలబడతాం. కానీ పిడుగు మబ్బుని వదిలి పది కిలోమీటర్ల అవతల కూడా పడగలదు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఏప్రిల్ 24న 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి, తొమ్మిది మంది ప్రాణాలు పోయాయి. మన ఊళ్ళలో పిడుగుపాటుకి బలయ్యేది ఎక్కువగా పొలంలో పనిచేసే రైతులు, కూలీలు, పశువుల కాపరులు. వాళ్ళు పని కోసం ఆరుబయట ఉండక తప్పనివాళ్ళు. ఫొటో కోసం మనంతట మనం వెళ్ళి నిలబడటంలో అర్థం లేదు.

చిన్నప్పుడు ఉరిమితే పెద్దవాళ్ళు "అర్జునా, ఫల్గుణా" అనుకోమనేవారు. అనుకోండి, దాంతో పాటు సెకన్లు కూడా లెక్కపెట్టండి. శబ్దం కిలోమీటరు ప్రయాణించడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లు లేవంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉంది. వెంటనే లోపలికి వెళ్ళండి. చివరి ఉరుము తరవాత అరగంట దాకా బయటికి రావద్దు. మరీనా బ్యారేజ్ పైకప్పు మీది పచ్చిక, ఈస్ట్ కోస్ట్ పార్కు ఇసుక, జెట్టీలు దూరపు మబ్బులకి చక్కటి చోట్లు. ఉరుము వినిపించాక అంతకన్నా చెడ్డ చోట్లు లేవు. పార్కుల్లో నాలుగు స్తంభాల మీద నిలిచిన షెల్టరు వాన ఆపుతుంది గాని పిడుగుని ఆపదు.

మరి ఎక్కడి నుంచి తియ్యాలి? సింగపూర్‌లో మనలో చాలామంది ఉండేది హెచ్‌డీబీ ఫ్లాట్లలోనో, కాండోల్లోనో. పదో అంతస్తు కిటికీకి మించిన చోటు వెతకనక్కరలేదు. గదిలో దీపాలార్పి, లెన్సుని అద్దానికి దగ్గరగా పెట్టి, చుట్టూ నల్లగుడ్డ కప్పితే ప్రతిబింబాలు పడవు. కిటికీ ఇనుప చట్రాన్ని మాత్రం ముట్టుకోవద్దు. మీ కిటికీ పడమటికి ఉంటే స్క్వాల్ మీది, తూర్పుకి ఉంటే సాయంత్రపు గోపురాలు మీవి, దక్షిణానికి ఉంటే రాత్రి బతామ్ వైపు మెరుపులు మీవి.

ఆ బతామ్ మెరుపుల్ని గమనించే ఉంటారు. ఆకాశం నిశ్శబ్దంగా వెలిగి ఆరిపోతుంటుంది. ఉరుము మామూలుగా 15 కిలోమీటర్లు దాటి వినిపించదు, కాబట్టి ఆ మబ్బు అంతకన్నా దూరంలో ఉన్నట్టు. ఊరి రొదలో ఉరుము కలిసిపోవచ్చు కనుక రాడార్‌లో కూడా ఒకసారి సరిచూసుకోండి. ఆ దూరం నుంచి మబ్బు నిండా కనిపిస్తుంది, మెరుపు తీగ మొదలూ చివరా కనిపిస్తాయి, లెన్సు మీద చినుకు పడదు. ఉరుము వినిపించని మెరుపే ఫొటోకి మంచి మెరుపు. ఈ వారాంతం బీరువాలోంచి కెమెరా తీసి ఛార్జింగుకి పెట్టండి. మబ్బు ఎలాగూ వస్తుంది.