మీకు తెలుసా? ఘంటసాల జోలె పట్టిన రోజులు

ఘంటసాల అనగానే రేడియో పాటలు, గుడి మైకులో భగవద్గీత గుర్తొస్తాయి. ఆ మనిషే ఒకప్పుడు విజయనగరం వీధుల్లో గడప గడపకూ తిరిగి అన్నం అడిగాడని ఎంతమందికి తెలుసు?

● ఆయన పుట్టింది 1922 డిసెంబరు 4న, గుడివాడ దగ్గర చౌటపల్లిలో. తండ్రి సూరయ్యగారు నారాయణ తీర్థుల తరంగాలు పాడుతుంటే పసివాడు నాట్యం చేసేవాడు. చూసినవాళ్లు ‘బాలభరతుడు’ అని మురిసిపోయేవారు.

● పదకొండేళ్లకే తండ్రి పోయారు. సంగీత విద్వాంసుడివి కావాలన్నది పోతూ పోతూ ఆయన కోరిన కోరిక. ఆ మాట పట్టుకుని కుర్రాడు వేలి ఉంగరం అయినకాడికి అమ్మేసి విజయనగరం రైలెక్కాడు. తీరా వెళ్లేసరికి సంగీత కళాశాలకు వేసవి సెలవులు! ప్రిన్సిపాలు ద్వారం వేంకటస్వామి నాయుడుగారు దయతలచి అక్కడే ఉండనిచ్చారు. రోజుకో ఇంట్లో తింటూ, అంటే వారాలు చేసుకుంటూ, చదువు మొదలైంది. అంతలో తోటి పిల్లలు చేసిన తప్పు ఇతని నెత్తిన పడింది. కళాశాల నుంచి పంపేశారు, వారాలిచ్చే ఇళ్లవాళ్లూ తలుపులు మూసేశారు.

● అప్పుడు చేరదీసినవారు పట్రాయని సీతారామశాస్త్రిగారు. ఇంట్లో చోటిచ్చారు, పైసా పుచ్చుకోకుండా పాఠం చెప్పారు. ఆయనదీ కలిగిన ఇల్లు కాదు. అందుకే శిష్యుడు మధుకరానికి బయల్దేరాడు. తేనెటీగ పువ్వు పువ్వునా వాలినట్టు ఇంటింటా ఇంత అన్నం అడగడమే మధుకరం. భుజాన జోలె, పొద్దున ఒక్కసారే తిరుగుడు. సగం తిని, సగం రాత్రికి గుడ్డలో మూటకట్టి పెడితే చీమలు పట్టేవి. చీమలు పట్టని డబ్బా ఒకటి సంపాదించడమే ఆ రోజుల్లో అతనికి పెద్ద సంగతి. ఆ అన్నం తింటూనే నాలుగేళ్ల చదువును రెండేళ్లలో ముగించాడు. నాకు ఘంటసాల జీవితంలో అన్నిటికన్నా గొప్ప ఘట్టం ఇదే.

● 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో దిగి జైలుకు వెళ్లారు.

● 1944లో సావిత్రిగారితో పెళ్లి. ఆ పెళ్లిలో కచేరీ చేసింది ఎవరనుకున్నారు? పెళ్లికొడుకే!

● అత్తవారి ఊరు పెదపులివర్రు. సినీ రచయిత సముద్రాల రాఘవాచార్యగారిదీ ఆ ఊరే. ఘంటసాల గొంతు విని మద్రాసు రమ్మన్నది ఆయనే. అక్కడా మొదట్లో పానగల్ పార్కే నీడ. ‘సీతారామ జననం’ సినిమాలో కోరస్ పాడారు. 1945లో ‘స్వర్గసీమ’లో భానుమతిగారి పక్కన పాడితే అందిన పారితోషికం 116 రూపాయలు.

● ‘జగదేకవీరుని కథ’లో దర్బారీ కానడ రాగంలో వచ్చే ‘శివశంకరీ’ని ఈసారి వింటున్నప్పుడు ఆ జోలెను ఒక్కసారి తలచుకోండి. విజయనగరం వెళ్తే కోట దగ్గరున్న సంగీత కళాశాలను చూసి రండి. అక్కడ ఇప్పటికీ పిల్లలు పాఠం చెప్పించుకుంటున్నారు.