ఈత రానివాడు సముద్రంలోకి తొంగిచూస్తే

భూగోళం ఉపరితలంలో 71 శాతం నీరే. అయినా ఆ నీటి అడుగున ఏమున్నదో కన్నులారా చూచినవారు మనలో బహు కొద్దిమంది. సముద్రతీరానికి వెళ్లిన వేలాదిమంది మోకాటి లోతు నీటిలో నిలబడి, కెరటాలకొక నమస్కారం పెట్టి వెనుదిరుగుతారు. ఈత రానివాడికి సముద్రంలో అంతకుమించి చోటు లేదన్నది తరతరాల నమ్మకం.

ఆ నమ్మకం పూర్తిగా నిజం కాదు. పూర్తిగా అబద్ధమూ కాదు. నిజానికీ అబద్ధానికీ నడుమనున్న గీత ఎక్కడున్నదో తెలియక కొందరు అపురూపమైన ఆనందానికి దూరమవుతున్నారు. మరికొందరు ప్రాణాల మీదికి తెచ్చుకొంటున్నారు. ఆ గీతను స్పష్టంగా చూపగల చోట్లలో బార్బడోస్ ద్వీపం ఒకటి.

కరీబియన్ ద్వీపమాలికకు తూర్పు కొసన, కేవలం 430 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో ఉన్న చిన్న దేశమిది. 2024 జూన్ 29న భారత జట్టు ట్వంటీ-20 ప్రపంచ కప్పును గెలుచుకొన్న కెన్సింగ్టన్ ఓవల్ మైదానం ఈ దేశ రాజధాని బ్రిడ్జ్‌టౌన్‌లోనిదే. 1961లో ప్రారంభమైన ఇక్కడి రేవులో విహార నౌకలు తెల్లవారుతూనే ఆగుతాయి. సాధారణంగా సాయంత్రానికి మరో ద్వీపానికి సాగిపోతాయి. ఆ కొద్ది గంటలలో ప్రయాణికులు ఎన్నుకొనే వినోదాలలో ముఖ్యమైనది కాటమరాన్ యాత్ర. తెరచాప పడవలో పడమటి తీరం వెంట సాగిపోయి, రెండు మూడు చోట్ల ఆగి, ముఖానికి అద్దాల మాస్కు, నోట గొట్టం పెట్టుకొని నీటిలోకి దిగి, సముద్రగర్భాన్ని పైనుండి తిలకించడం ఈ యాత్రలోని విశేషం. ఈ విద్యనే స్నార్కెలింగ్ అంటారు.

ఇందుకు ప్రకృతి అక్కడ అన్నీ అమర్చిపెట్టింది. ద్వీపానికి తూర్పున అట్లాంటిక్ మహాసముద్రం హోరెత్తుతుంటే, పడమట కరీబియన్ సముద్రం చాలా రోజులు చెరువువలె ప్రశాంతంగా ఉంటుంది. ద్వీపంలో అధిక భాగం పగడపు సున్నపురాయి గనుక వాననీరు నేలలోకి ఇంకిపోతుంది. బురదను మోసుకొచ్చే పెద్ద నదులు లేవు. అందుచేత తీరజలాలు తేటగా ఉంటాయి. నీటి వెచ్చదనం ఏడాది పొడుగునా సుమారు 26 నుండి 29 డిగ్రీల సెల్సియస్ మధ్యనే ఉంటుంది.

తెప్పకు దూరపు చుట్టం

ప్రయాణికులెక్కే పడవ పేరు మాత్రం మన తీరానిదే. ‘కట్టుమరం’ అనే తమిళ పదం ఆంగ్లేయుల నోట ‘కాటమరాన్’గా మారింది. దుంగలను పక్కపక్కన పేర్చి తాళ్లతో బిగించిన తేలిక నావ అది. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల జాలరులు తెప్ప అని పిలిచేది దానినే. కాలక్రమాన ఆ పేరు రెండు పొట్టలు కలిగిన పడవలకు స్థిరపడింది. 1876లో నాథనేల్ హెరెషాఫ్ అనే అమెరికన్ నిర్మించిన ‘అమరిల్లిస్’ అనే జంట పడవ న్యూయార్కు పందెంలో మామూలు పడవలను అవలీలగా ఓడించింది. ఓడినవారి గగ్గోలుకు అటువంటి పడవలనే పందేలనుండి బహిష్కరించారు!

ఈత రానివాడికి ఈ నిర్మాణం ఒక వరం. దూరదూరంగా ఉన్న రెండు పొట్టలమీద నిలిచినందున పడవ పక్కలకు అంతగా ఊగదు. వెనుకభాగాన మెట్లు నేరుగా నీటిలోకి దిగుతాయి. అంచుమీదనుండి దూకవలసిన పని లేదు. కమ్మీ పట్టుకొని, చెరువు రేవులో దిగినట్లు మెట్టు మెట్టుగా దిగవచ్చు.

ఒక చిన్న ప్రశ్న

పడవ కదలకముందో, కదిలిన కాసేపటికో సిబ్బంది ఒక ప్రశ్న అడుగుతారు: “ఈత రానివారు ఎవరైనా ఉన్నారా?” ఈ యాత్ర మొత్తంలో అత్యంత కీలకమైన ఘట్టం అదే. సరిగా అక్కడే అనేకమంది మౌనం వహిస్తారు.

ఆ మౌనానికి కారణం భయం కాదు, బిడియం. నలుగురిలో చేయి ఎత్తడం నామోషీ అనిపిస్తుంది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు స్వదేశంనుండి వచ్చిన తల్లిదండ్రులను ఇటువంటి యాత్రలకు వెంటబెట్టుకొని వెళ్లడం కద్దు. పిల్లలు ఎంతో ముచ్చటపడి టిక్కెట్లు కొన్నారు; వారి ఉత్సాహం మీద నీళ్లు చల్లడమెందుకని పెద్దాయన “ఫరవాలేదులే” అంటాడు. ఆరోగ్యం గురించిన కాగితాన్ని ఆయన బదులు కొడుకే నింపుతాడు. గుండెజబ్బు సంగతి, రక్తపోటు మాత్రల సంగతి అందులో చేరకుండానే పోతాయి.

చేయి ఎత్తినవానికి ఏమవుతుంది? బాధ్యతగల సిబ్బంది అతనిని వెక్కిరించరు. వేరుగా కూర్చోబెట్టి, సరిపోయే లైఫ్ జాకెట్ తొడిగి, ఒక సహాయకుని అప్పగిస్తారు. తేలే రబ్బరు చక్రాన్ని అతనిచేత పట్టించి, తాడుతో మెల్లగా లాగుకొంటూ తీసుకొనిపోతారు. చేయి ఎత్తనివాడు మాత్రం ఈతగాళ్ల లెక్కలో కలిసిపోతాడు. సముద్రంలో అంతకంటె ప్రమాదకరమైన చోటు లేదు.

తల ఎత్తితే మునక

‘ఈతకు మించిన లోతు లేదు’ అని మన సామెత. ఈత వచ్చినవాడికి ఎంత లోతైనా ఒక్కటే. లైఫ్ జాకెట్ తొడిగిన ఈత రానివాడికి కూడ కొంతవరకు అంతే. అతనిని ముంచేది లోతు కాదు, కంగారు. ఇందులో ఉన్న శాస్త్రం సులభమైనది.

మనిషి శరీరసాంద్రత ఇంచుమించు నీటి సాంద్రతకు సమానం. సముద్రజలం ఉప్పు కారణంగా మంచినీటికంటె సుమారు రెండున్నర శాతం బరువైనది. ఊపిరితిత్తుల నిండా గాలి ఉన్నంతసేపు చాలామంది శరీరాలు సముద్రంలో సహజంగానే తేలుతాయి. కాని తల బరువు 4 నుండి 5 కిలోలు ఉంటుంది. అది నీటిలో ఉన్నంతసేపు ఆ భారాన్ని నీరే మోస్తుంది. భయపడినవాడు మొదట చేసేది తలను పైకెత్తడం. ఎత్తిన తల బరువు తక్కిన శరీరంపై పడుతుంది; కాళ్లు కిందికి జారుతాయి; సైకిలు తొక్కినట్లు కాళ్లాడించినకొద్దీ ఆయాసమేగాని ప్రయోజనముండదు.

స్నార్కెల్ గొట్టం ఈ చిక్కునే విడదీస్తుంది. ముఖం నీటిలోనే ఉంచి ఊపిరి పీల్చుకోవచ్చు గనుక తల ఎత్తవలసిన అవసరమే లేదు. అందుకే మంచి సహాయకుడు నేర్పే మొదటి పాఠం ఈత కాదు, శ్వాస. మెట్టుమీద కూర్చొని, కమ్మీ పట్టుకొని, ముఖాన్ని నీటిలో ముంచి, నోటితో నిదానంగా ఇరవైసార్లు ఊపిరి తీయమంటాడు. ముక్కు మాస్కులో మూసుకొని ఉన్నందున మొదటి రెండు మూడు శ్వాసలకు గుండె దడదడలాడుతుంది. పదవ శ్వాసకు అది నెమ్మదిస్తుంది. ఇరవైయవ శ్వాసకు కూడ నెమ్మదించకపోతే ఆనాటికి పడవమీదనే ఉండడం ఉత్తమం. అది ఓటమి కాదు, వివేకం.

గొట్టం పొడవు సుమారు 35 నుండి 40 సెంటీమీటర్లే ఎందుకుంటుందన్న సందేహం కలుగవచ్చు. నీటిలో ఒక మీటరు లోతుకు దిగితే ఛాతీమీద వాతావరణ పీడనంలో పదోవంతు అదనంగా పడుతుంది. ఆ ఒత్తిడిని ఎదిరించి పైనుండి గాలి పీల్చే శక్తి మన ఛాతీ కండరాలకు చాలదు. అంతేకాక, గొట్టం పొడవు పెరిగినకొద్దీ విడిచిన చెడుగాలినే మళ్లీ పీల్చవలసివస్తుంది.

అద్దంలోని మాయ

మాస్కు పెట్టుకొని తలవంచిన మరుక్షణం మరో లోకం తెరచుకొంటుంది. కార్లైల్ అఖాతంలో ఇసుక నేలపై ఒరిగిన పాత ఓడల అస్థిపంజరాలు కనిపిస్తాయి. 1919లో మునిగిన ‘బెర్విన్’ అనే ఫ్రెంచి టగ్ పడవ ఇప్పుడు పగడాలకు, చారల చేపలకు నివాసం. పైన తేలేవారికి కూడ అగుపించేటంత తక్కువ లోతులో అది ఉన్నది.

కాని ఈ అద్దంలో ఒక మాయ ఉన్నది. నీటినుండి మాస్కులోని గాలిలోకి వచ్చేటప్పుడు కాంతి వంగుతుంది. అందువల్ల వస్తువులు ఉన్నదానికంటె సుమారు మూడోవంతు పెద్దవిగా, నాలుగోవంతు దగ్గరగా కనిపిస్తాయి. నాలుగు మీటర్ల లోతు మూడు మీటర్లవలె తోస్తుంది. నేల అందుతుందని కాలు చాచిన ఈత రానివాడికి అది అందదు. ఆ క్షణంలోనే కంగారు పుడుతుంది. కన్నును నమ్మి కాలు దించరాదు.

అందినా నిలబడకూడని చోట్లున్నాయి. పగడపు దిబ్బ చూపునకు రాయి, వాస్తవానికి ప్రాణి. చిన్న చిన్న ప్రాణులు ఏళ్లతరబడి కట్టుకొన్న గూళ్లు ఒక్క కాలి తొక్కిడికి విరుగుతాయి. విరిగిన పగడం మనిషి చర్మాన్నీ చీలుస్తుంది. కంగారుపడిన ఈత రానివాడు దొరికిన దానిపై కాలు మోపుతాడు. అందుచేత అతని మేలుకూ పగడాల మేలుకూ కూడ, తొలి ప్రయత్నాలకు అడుగున ఇసుక ఉన్న చోటే తగినది.

తరువాతి మజిలీలో సముద్ర తాబేళ్లు దర్శనమిస్తాయి. బార్బడోస్‌లో ఒకప్పుడు వాటిని మాంసానికి, పెంకుకు వేటాడేవారు; 1998నుండి ఆ వేట నిషిద్ధం. వెస్టిండీస్ విశ్వవిద్యాలయం వారి తాబేళ్ల పరిరక్షణ పథకం 1987నుండి వాటి గూళ్లను, సంఖ్యను గమనిస్తూ వస్తున్నది. సముద్రపు గడ్డి మేస్తున్న తాబేలు ఉన్నట్లుండి తల ఎత్తి, తొందరపడకుండ, రెక్కలవంటి చేతులతో నీటిని తోసుకొంటూ పైకి వచ్చి, ఒక్క ఊపిరి పీల్చుకొని మళ్లీ దిగిపోతుంది. అదీ ఊపిరితిత్తులతో బ్రతికే ప్రాణియే. దానికీ గాలి కావాలి, కాని దానికి తొందర లేదు. చూడవచ్చినవారు దానిని తాకరాదు, దారికి అడ్డం రాకూడదు.

నిశ్శబ్దంగా వచ్చే ఆపద

ఇంతవరకు చెప్పినది ఆనందం. ఇక చెప్పవలసినది హెచ్చరిక.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు మూడు లక్షలమంది నీట మునిగి మరణించారు. మునిగేవాడు కేకలు వేస్తాడని, చేతులు ఊపుతాడని లోకం అనుకొంటుంది. అమెరికాలో జలరక్షకునిగా పనిచేసిన ఫ్రాంక్ పియా 1974లో ఈ భ్రమను తొలగించాడు. మునుగుతున్నవానికి ఊపిరికే వ్యవధి ఉండదు గనుక అరవలేడు. చేతులు అప్రయత్నంగా నీటిని అదుముతూ ఉండిపోతాయి. 20 నుండి 60 సెకన్లలో అంతా ముగిసిపోవచ్చు. స్నార్కెల్ విషయంలో ఈ చిక్కు మరీ ఎక్కువ. హాయిగా చేపలను చూచేవాడూ, స్పృహ తప్పినవాడూ ఇద్దరూ బోర్లాపడి కదలకుండానే ఉంటారు. అందువల్ల ఒంటరిగా వెళ్లరాదు. పక్కనున్న మనిషిని నిమిషానికొకసారి పలకరించాలి. జవాబు రాకపోతే వెంటనే తల ఎత్తి చూడాలి.

హవాయి దీవులలో జరిగిన స్నార్కెల్ భద్రతా పరిశోధన 2021లో మరో సంగతిని వెల్లడించింది. కొన్ని ప్రమాదాలలో నీరు మింగడంకంటె ముందే, గొట్టం ద్వారా బలవంతంగా గాలి లాగుకొనే శ్రమవల్ల ఊపిరితిత్తులలోకి ద్రవం ఊరుతున్నది. గుండెజబ్బు ఉన్నవారికి ఈ ముప్పు ఎక్కువ. గాలి సులభంగా ఆడని గొట్టాన్ని వాడకపోవడం, ఆయాసం మొదలవగానే గొట్టం తీసివేసి, వెల్లకిల తిరిగి సహాయం కోరడం ప్రాణరక్షణ మార్గాలు. గుండెజబ్బు, ఉబ్బసం, మూర్ఛ ఉన్నవారు వైద్యుని సలహా లేకుండ దిగరాదు. నోటితో ఊది నింపే పలుచని చొక్కా తేలడానికి ఆసరాయేగాని, స్పృహ తప్పినవానిని వెల్లకిల తిప్పి కాపాడదు. కాటమరాన్లపై ధారాళంగా పంచే రమ్ పానీయాన్ని నీటినుండి పైకి వచ్చిన తరువాతనే ముట్టుకోవాలి.

ఈ నియమాలకు దేశభేదం లేదు. లక్షద్వీపాలలోని మడుగులలో గాని, అండమాన్‌లోని స్వరాజ్ ద్వీపం తీరాన గాని స్నార్కెల్ పట్టుకొనే ప్రతివానికీ ఇవే వర్తిస్తాయి.

మన పల్లెలలో పెద్దలు పిల్లవాని వీపునకు మునగబెండ్లో, ఎండిన సొరకాయ బుర్రలో కట్టి బావిలోకి దింపేవారు. గట్టుమీద ఒక మనిషి కనిపెట్టుకొని కూర్చొనేవాడు. బుర్ర తేల్చేది, మనిషి కాచేవాడు, పిల్లవాడు నేర్చుకొనేవాడు. బార్బడోస్ కాటమరాన్ మీద లైఫ్ జాకెట్, సహాయకుడు చేసే పని కూడ అదే. తేడా ఒక్కటే: బావిలో బుర్రలు కొద్దికాలానికే విప్పేసేవారు. విహారయాత్ర ముగించుకొని ఇల్లు చేరినవారు సాధారణంగా ఆ రెండో మెట్టును మరచిపోతారు. నలభైయవ ఏటనైనా, అరవైయవ ఏటనైనా ఈత నేర్చుకోవచ్చు. సముద్రం అడుగున ఏమున్నదో ఒక్కసారి చూచినవానికి నేర్చుకొనేందుకు అంతకంటె మంచి కారణం అక్కరలేదు. నేర్చుకొనేవరకు మాత్రం అతని ప్రాణానికి అండ, అడిగినప్పుడు జంకకుండ చెప్పే ఆ రెండు మాటలే: “ఈత రాదు.”