పరీక్షించి చూద్దాం: జొన్నరొట్టె చెప్పిన సైన్సు పాఠం



మన దేవనకొండ చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికైనా ఒంటి మీద నల్లని మచ్చలు వస్తే తలా ఒక కారణం చెబుతారు. ఒకరు ఎండదెబ్బ అంటారు. ఒకరు దిష్టి అంటారు. మరొకరు అంటురోగం, వాళ్ళింట్లో నీళ్ళు తాగవద్దంటారు. చేసిన పాపానికి శిక్ష అనేవారూ ఉన్నారు. ఇన్ని మాటల్లో నిజమేదో తేల్చుకోవడం ఎలా? అలా తేల్చుకునే పద్ధతినే సైన్సు అంటాం. అది పిల్లలు బడిలో బట్టీపట్టే పాఠం మాత్రమే కాదు, ఆసుపత్రిలో ప్రతిరోజూ మేము చేసే పని.

దానియేలు అడిగిన పది దినాలు

బైబిలు చదివేవారికి ఈ పద్ధతి కొత్త కాదు. దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం జ్ఞాపకం చేసుకోండి. రాజు భోజనం తినకపోతే ఈ యౌవనులు చిక్కిపోతారని, తన తలకు ముప్పు వస్తుందని అధికారి భయపడ్డాడు. దానియేలు వాదన పెట్టుకోలేదు. పది దినాలు శాకధాన్యాలు, నీళ్ళు ఇచ్చి చూడమన్నాడు. ఆ తరువాత రాజు భోజనం తిన్నవారితో తమను పోల్చి నిర్ణయించమన్నాడు. ఇందులో ఒక ప్రశ్న ఉంది, ఒక గడువు ఉంది, పోల్చడానికి రెండో గుంపు ఉంది. ఫలితం ఏదైనా ఒప్పుకుంటామనే మాట కూడా ఉంది. దేవుని నమ్మినవాడు పరీక్షకు భయపడలేదు.

ఒక వైద్యుడు చూసిన చిన్న సంగతి

పెల్లాగ్రా అనే జబ్బులో మెడ చుట్టూ, చేతుల మీద, పాదాల మీద, అంటే ఎండ తగిలేచోట చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది. నాలుక ఎర్రగా పుండుపడుతుంది. విరేచనాలు పట్టుకుంటాయి. ముదిరితే మతి చెదురుతుంది, ప్రాణమూ పోవచ్చు. వంద సంవత్సరాల క్రితం అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో, మొక్కజొన్న మీద బతికే పేదల్లో ఈ జబ్బు వేలాదిమందిని పట్టి పీడించింది. ఇది అంటురోగమని అక్కడి వైద్యుల్లో చాలామంది నమ్మేవారు.

1914లో ప్రభుత్వం డాక్టర్ జోసెఫ్ గోల్డ్‌బెర్గర్‌ను పంపింది. ఆయన అనాథాశ్రమాలు, పిచ్చాసుపత్రులు తిరిగి ఒక సంగతి గమనించారు. జబ్బు లోపల ఉండేవారికే వస్తోంది, వారికి సేవచేసే నర్సులకు, ఉద్యోగులకు రావడం లేదు. అంటురోగమైతే వారిని ఎందుకు వదిలింది? ఇద్దరి తిండీ వేరు కాబట్టి తిండిలోనే లోపం ఉండాలని ఆయన ఊహించారు. సైన్సులో దీన్ని పరికల్పన అంటారు. ఊహ ఎంత తెలివైనదైనా, పరీక్షకు నిలిచేదాకా అది ఊహే.

అనాథాశ్రమాల పిల్లలకు పాలు, గుడ్లు, మాంసం, చిక్కుళ్ళు పెట్టించారు. మరుసటి ఏడాది అక్కడ జబ్బు దాదాపు మాయమైంది. తరువాత 1915లో మిసిసిపీ రాష్ట్రంలోని ఒక జైలు పొలంలో, క్షమాభిక్ష ఇస్తామన్న మాట మీద ఒప్పుకున్న ఖైదీలకు కొన్ని నెలలు మొక్కజొన్న, బియ్యం, చక్కెరపాకం వంటి తిండే పెట్టారు. 11 మందిలో 6 మందికి పెల్లాగ్రా లక్షణాలు వచ్చాయి. మామూలు తిండి తిన్న మిగతా ఖైదీలకు రాలేదు. ఖైదీల మీద ఇటువంటి ప్రయోగాన్ని నేటి వైద్య నీతి ఒప్పుకోదు. విడుదల ఆశ చూపి తీసుకున్న సమ్మతి నిజమైన సమ్మతి కాదు.

అయినా కొందరు ఒప్పుకోలేదు. 1916లో గోల్డ్‌బెర్గర్, ఆయన సహచరులు రోగుల రక్తాన్ని తమకే సూదితో ఎక్కించుకున్నారు. రోగుల చర్మపు పొలుసులు, మలమూత్రాలు పిండిలో కలిపి మింగారు. ఆయన భార్య మేరీ కూడా రక్తం ఎక్కించుకున్నారు. ఎవరికీ జబ్బు రాలేదు. తిండిలో లోపించిన ఆ పదార్థం ఏదో తెలియకముందే, 1929లో గోల్డ్‌బెర్గర్ కన్నుమూశారు. 1937లో కాన్రాడ్ ఎల్వెజెమ్ నికోటినిక్ ఆమ్లంతో కుక్కల్లో వచ్చే ఇటువంటి జబ్బును నయం చేశారు. మనం నియాసిన్ అనే బి3 విటమిన్ అదే.

కథ మన జొన్న దగ్గరకు వచ్చింది

మన దక్కను ప్రాంతంలో మొక్కజొన్న కాదు, జొన్న ముఖ్యాహారంగా ఉన్న పేదల్లో పెల్లాగ్రా కనిపించేది. హైదరాబాదులోని పరిశోధనశాలలో, అంటే 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థగా పిలిచేదానిలో, డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకాంతయ్య దీనికి కారణం వెదికారు. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. మన ఒంట్లో ట్రిప్టోఫాన్ అనే మరో అమైనో ఆమ్లం నుండి నియాసిన్ తయారవుతుంది. ల్యూసిన్ ఎక్కువైతే ఆ పనికి అడ్డు వస్తుందని వారు 1960లో లాన్సెట్ పత్రికలో ప్రతిపాదించారు.

ఇతర చోట్ల కుక్కల మీద చేసిన కొన్ని పరీక్షల్లో అదే ఫలితం రాలేదు. బి6 విటమిన్ లోపానికీ ఇందులో పాత్ర ఉందని తరువాతి పరిశోధనలు సూచించాయి. కాబట్టి ల్యూసిన్ సంగతి ఇంకా చర్చలోనే ఉంది. ఇది సైన్సుకు అవమానం కాదు. ఒకరి మాటను మరొకరు పరీక్షించడమే దాని బలం. కానీ నియాసిన్ అందితే పెల్లాగ్రా నయమవుతుందన్న సంగతి మాత్రం మళ్ళీమళ్ళీ రుజువైంది.

ఒక జబ్బు, ఎన్నో శాస్త్రాలు

పిల్లలు సైన్సు శాఖల పేర్లు అప్పజెబుతారు. ఈ ఒక్క జబ్బులో అవన్నీ ఏం చేశాయో చూడండి. రోగిని చూసింది వైద్యశాస్త్రం. విటమిన్‌ను వేరు చేసింది రసాయనశాస్త్రం. అది ఒంట్లో చేసే పనిని చెప్పింది జీవశాస్త్రం. జొన్న రకాలను పరిశీలించింది వృక్షశాస్త్రం, వ్యవసాయశాస్త్రం. ఎండ కిరణాల స్వభావం చెప్పేది భౌతికశాస్త్రం. ఎడ్గర్ సైడెన్‌స్ట్రికర్ గోల్డ్‌బెర్గర్‌తో కలిసి మిల్లు కార్మికుల ఇళ్ళలో ఆదాయం, తిండి లెక్కగట్టారు. ఆదాయం తగ్గేకొద్దీ జబ్బు పెరుగుతోందని గణాంకశాస్త్రం, అర్థశాస్త్రం చూపాయి. చివరికి తేలిందేమిటంటే, అది పాపం వల్ల వచ్చిన జబ్బు కాదు, పేదరికం వల్ల వచ్చింది.

మనం చేయవలసింది

జొన్న చెడ్డదని మాత్రం అనుకోవద్దు. మన రొట్టె, సంగటి బలమైన ఆహారమే. ఒట్టి రొట్టె, కారంతోనే రోజులు గడపడం మంచిది కాదు. పప్పు, ఆకుకూర, పాలు లేక మజ్జిగ, వీలైతే గుడ్డు చేర్చండి. మన పొలాల్లో పండే వేరుశనగ, అంటే మన బుడ్డలు, 100 గ్రాముల్లో సుమారు 12 మిల్లీగ్రాముల నియాసిన్ ఉంటుంది. పంటంతా అమ్ముకోక కొంత ఇంటికీ ఉంచుకోండి. బుడ్డల చట్నీ రొట్టెకు రుచి మాత్రమే కాదు, రక్షణ కూడా.

నేడు పెల్లాగ్రా అరుదైంది. అయినా ఎక్కువగా సారా తాగేవారిలో, చాలాకాలం విరేచనాలతో బాధపడేవారిలో, క్షయకు ఐసోనియాజిడ్ మాత్ర వాడే కొందరిలో రావచ్చు. మాత్రలు మీ అంతట మీరు మానవద్దు, డాక్టరుకు చూపించండి. మెడ, చేతుల మీద రెండు వైపులా ఒకేలా నల్లబడి, నాలుక మండుతుంటే ఆలస్యం చేయవద్దు. సరైన చికిత్సతో నోరు, విరేచనాలు కొద్ది రోజుల్లోనే కుదుటపడతాయి. చర్మం బాగుపడటానికి కొన్ని వారాలు పడుతుంది.

ఈసారి పొరుగింటివారు ఎవరి జబ్బుకైనా కారణం చెబితే, "ఎలా తెలిసింది? పోల్చి చూశారా?" అని మృదువుగా అడగండి. రోగిని దూరం పెట్టకండి, వారితో కలిసి భోజనానికి కూర్చోండి. వారి పళ్ళెంలో ఏముందో చూడండి. జబ్బుకు కారణం అక్కడే దొరకవచ్చు.