ఐసీయూ దాటాకే అసలు పని

గుండెపోటు వచ్చిన మనిషికి స్టెంట్ వేసి, ఐసీయూ నుంచి బయటికి తెచ్చారంటే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ‘గండం గడిచింది’ అని మొక్కులు తీర్చుకుంటారు. నా ఉద్యోగం సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

మాది మైపాడు దగ్గర పల్లె. నెల్లూరులో నర్సింగ్ చదివి, చెన్నైలో నాలుగేళ్లు పనిచేసి, ఎన్‌క్లెక్స్ పరీక్ష పాసై అమెరికా వెళ్లాను. ఇప్పుడు ట్రావెల్ నర్సుని. నర్సులు చాలని ఆసుపత్రికి ఏజెన్సీ ద్వారా వెళ్లి, ఎక్కువగా 13 వారాల ఒప్పందం మీద పనిచేసి, ఇంకో ఊరికి మారతాం. ‘మూణ్ణెల్లకో ఊరు, ఏం ఉద్యోగమే ఇది!’ అంటుంది మా అమ్మ. కొత్తచోట ఒకటి రెండు రోజులే శిక్షణ. గుండెకి షాక్ ఇచ్చే మిషన్ ఎక్కడుంది, అత్యవసరమైతే ఏ నంబరు నొక్కాలి... ముందు అవే చూసుకుంటా. మిగతావన్నీ తర్వాతే.

స్టెప్‌డౌన్ అంటే?

ఐసీయూకి, మామూలు వార్డుకి మధ్య మెట్టు. రోగి లేచి కూర్చుంటాడు, తింటాడు, నాలుగడుగులు వేస్తాడు. కానీ ఛాతీ మీద అతికించిన తీగలు ప్రతి గుండెచప్పుడునీ తెర మీదకి పంపుతూనే ఉంటాయి. బైపాస్ అయిన రెండు మూడు రోజులకి కొందరిలో గుండె లయ తప్పుతుంది. స్టెంట్ కోసం గొట్టం పంపిన మణికట్టో, గజ్జో వాచిందేమో చూడాలి. ఒంట్లో పొటాషియం తగ్గినా ప్రమాదమే. అందుకే కాలిఫోర్నియాలో 2008 నుంచి ఇలాంటి యూనిట్‌లో ఒక నర్సుకి ముగ్గురు రోగులకి మించి ఇవ్వకూడదని నిబంధన. మన దగ్గర వార్డంతా ఒక్కతే పరిగెత్తే చెల్లెళ్లని తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

మాత్రలు ఆపితే...

మా ఊళ్లో రొయ్యల గుంటలు చూసుకునే మామకి చెన్నైలో స్టెంట్ వేశారు. మూడో నెలకల్లా, “నేను బాగుండానే, ఇంకా ఎందుకమ్మా ఈ బిళ్లలు?” అని మానేశాడు. నాలుగో నెలలో మళ్లీ నొప్పి. అర్ధరాత్రి 108లో నెల్లూరు తీసుకెళ్లారు. బతికాడు, కానీ గుండె బలం తగ్గింది. ఇప్పుడు గుంట గట్టు మీద కాస్త నడిస్తే ఆయాసం.

స్టెంట్ లోహంతో చేసిన జాలీగొట్టం. దాని మీద కొత్త పొర ఏర్పడేదాకా అక్కడ రక్తం గడ్డకట్టే ముప్పుంటుంది. అందుకే గుండెపోటు తర్వాత రక్తం పలచన చేసే మాత్రలు రెండు రకాలు, మామూలుగా ఏడాదిపాటు వాడమంటారు. పన్ను పీకించుకోవాలన్నా డాక్టర్ని అడక్కుండా ఆపకూడదు. ఇదంతా మామకి విడమర్చి చెప్పినవాళ్లు లేరు. డిశ్చార్జి కాగితమేమో ఇంగ్లీషులో!

ఇంటికి పంపే రోజు నేను రోగిని ‘అర్థమైందా?’ అని అడగను. అందరూ తలూపేస్తారు. ‘నేను చెప్పింది మీ మాటల్లో చెప్పండి’ అంటాను. అప్పుడు తెలుస్తుంది ఎక్కడ తప్పిందో.

మనవాళ్లకి నాలుగు మాటలు

* గుండె బలహీనపడిందని డాక్టర్ చెప్పారా? ఎండునెత్తళ్లు, ఊరగాయలు పక్కన పెట్టండి. ఆ ఉప్పు ఒంట్లో నీరు నిలిపేస్తుంది.
* అలాంటివాళ్లు రోజూ పొద్దున్నే బరువు చూసుకోవాలి. ఒక్కరోజులో కిలోకి పైగా, వారంలో రెండు కిలోలకి పైగా పెరిగితే డాక్టర్‌కి చెప్పాలి.
* మలం నల్లగా వచ్చినా, రక్తం ఆగకపోయినా వెంటనే చూపించుకోండి.
* ఛాతీలో నొప్పి వస్తే బైకెక్కొద్దు. 108కి ఫోన్ చేయండి.

మొన్న సెలవుకి వచ్చినప్పుడు మామ బిళ్లల డబ్బాల మీద ‘పొద్దున’, ‘రాత్రి’ అని తెలుగులో పెద్దక్షరాలతో రాసిపెట్టా. మీ ఇంట్లో ఎవరికైనా స్టెంట్ ఉంటే, ఈ పూటే ఆ పని చేయండి.